గోదావరి పేరు మోసిన మూడు యుద్ధనౌకలు

కొంచెం పెద్ద పోస్టు ఇది. తీరిగ్గా చదవండి.

మొన్న మా నిడదవోలు హాస్టల్లో ఇంటర్ తమ్ముళ్లతో కూర్చుని కరెంట్ అఫైర్స్ బిట్లు చూస్తున్నాం. 2025 ఆగస్టు 26న విశాఖపట్నంలో నౌకాదళంలో చేరిన రెండు యుద్ధనౌకలు ఏవి అని ప్రశ్న. జవాబు ఉదయగిరి, హిమగిరి. ఒక తమ్ముడు సీనియర్లు వదిలేసిన పాత బిట్ బ్యాంకు తిరగేసి, "అన్నా, ఉదయగిరిని 2007లోనే సర్వీసు నుంచి తీసేశారని ఇందులో ఉంది. ఏది తప్పు?" అని అడిగాడు.

రెండూ కరెక్టే. 2007లో తీసేసింది ఒక ఉదయగిరి, 2025లో వచ్చింది ఇంకో ఉదయగిరి. ఓడ వేరు, పేరు ఒక్కటే. ఆ మాట వాడికి చెప్పాక నాకే అనుమానం వచ్చింది. ఈ పేర్లు ఎవరు పెడతారు? ఒకసారి వాడిన పేరు మళ్లీ ఎందుకు పెడతారు? అలా వెతుక్కుంటూ పోతే మన గోదావరి దగ్గర తేలాను. అందుకే ఇది రాస్తున్నా.

ముందు పద్ధతి చెప్తాను. నౌకాదళ ప్రధాన కార్యాలయంలో పేర్లు చూడటానికే ఒక కమిటీ ఉంది. అది పేర్లు సూచిస్తే నౌకాదళాధిపతి ఒప్పుకోవాలి. పేర్లు ఇష్టమొచ్చినట్టు పెట్టరు, ఓడ రకాన్ని బట్టి ఒక వరస ఉంటుంది. పెద్ద డిస్ట్రాయర్లకి నగరాల పేర్లో, యోధుల పేర్లో పెడతారు. 2021 నవంబరు 21న చేరిన ఐఎన్ఎస్ విశాఖపట్నం అలాంటిదే. దాని తర్వాత అదే తరగతిలో మోర్ముగావ్, ఇంఫాల్, సూరత్ వచ్చాయి. ఫ్రిగేట్లకి నదులు, కొండలు, ఆయుధాల పేర్లు. చిన్న కార్వెట్లకి ఖుక్రీ, కిర్పాణ్ లాంటి చేతి ఆయుధాల పేర్లు. సబ్‌మెరైన్లకి ఎక్కువగా వేటాడే చేపల పేర్లు. ట్యాంకుల్ని, సైనికుల్ని ఒడ్డుకి దింపే ఓడలకి మగర్, ఘడియాల్, ఐరావత్ లాంటి పెద్ద జంతువుల పేర్లు. పేరు వినగానే అది ఏ జాతి ఓడో నావికుడికి సగం తెలిసిపోతుంది. మన దగ్గర ఇంటిపేరు చెప్పగానే ఏ గట్టు, ఏ గోత్రం అని పెద్దోళ్లు పట్టేస్తారు కదా, అలాగన్నమాట.

ఐఎన్ఎస్ అంటే ఇండియన్ నేవల్ షిప్. తమాషా ఏంటంటే ఒడ్డు మీద కదలకుండా ఉండే స్థావరాలకి కూడా ఇదే ముందు తగిలిస్తారు. విశాఖలో సబ్‌మెరైన్ శిక్షణ కేంద్రం పేరు ఐఎన్ఎస్ శాతవాహన. అక్కడి నేవీ విమానాశ్రయం ఐఎన్ఎస్ డేగ. నేవీ విమాన స్థావరాలకి పక్షుల పేర్లు పెడతారు, ఇక్కడ మాత్రం తెలుగు మాటనే తీసుకున్నారు. ఐఎన్ఎస్ సర్కార్స్ అని ఇంకొకటి ఉంది. అది మన జిల్లాల్ని బ్రిటిష్‌వాళ్లు ఉత్తర సర్కార్లు అని పిలిచిన కాలం నాటి మాట.

ఇక గోదావరి సంగతి. ఆ పేరుతో ఒకటి కాదు, మూడు యుద్ధనౌకలు తిరిగాయి.

మొదటిది రెండో ప్రపంచ యుద్ధం నాటిది. ఇంగ్లండులో సౌతాంప్టన్ దగ్గర థార్నీక్రాఫ్ట్ కంపెనీ కట్టింది. స్లూప్ అంటారు ఆ రకాన్ని. సరుకు ఓడల గుంపుకి కాపలాగా వెళ్లి సబ్‌మెరైన్లని వేటాడటం దాని పని. 1943లో అప్పటి రాయల్ ఇండియన్ నేవీలో చేరింది. అప్పుడు ఇలాంటి స్లూపులకి వరసగా మన నదుల పేర్లు పెట్టారు. సట్లెజ్, జమున, నర్మద, కావేరి, గోదావరి, కృష్ణ.

తర్వాత 1947 వచ్చింది. దేశం రెండైతే నేవీ కూడా రెండైంది. ఓడలు పంచుకున్నారు. ఆ పంపకంలో నర్మద, గోదావరి రెండూ పాకిస్తాన్ వాటాకి వెళ్లాయి. వాళ్లు నర్మదకి జీలం అని, గోదావరికి సింధ్ అని పేర్లు మార్చుకున్నారు. త్ర్యంబకంలో పుట్టి మన దగ్గర సముద్రంలో కలిసే నది పేరు కరాచీ ఓడ మీద వాళ్లకెందుకు? వాళ్ల నేల పేరు వాళ్లు పెట్టుకున్నారు. నేనైతే అందులో తప్పు వెతకను. కానీ ఒకటి గమనించండి. ఇనుము అలాగే ఉంది, ఇంజను అలాగే ఉంది, ఫిరంగులు అలాగే ఉన్నాయి. యజమాని మారగానే ముందు మారింది పేరు. ఆ ఓడని 1959లో తుక్కు చేసేశారు.

అలా గోదావరి అనే పేరు ఓడ లేకుండా ఖాళీగా మిగిలింది. 1953లో మన నేవీ ఆ పేరుని మళ్లీ తీసుకుంది. ఈసారి ఓడ పాతదే, బ్రిటిష్‌వాళ్ల దగ్గర నుంచి తెచ్చుకున్న హంట్ తరగతి డిస్ట్రాయర్. ఈ ఓడ బతుకు ఇంకో కథ. పుట్టినప్పుడు దాని పేరు బీడేల్. ఇంగ్లండులో కుక్కలతో నక్కల్ని వేటాడే ఒక గుంపు పేరు అది. 1942లో దాన్ని పోలండు నావికులకి ఇచ్చారు. వాళ్ల దేశం అప్పుడు జర్మనీ చేతిలో ఉంది, వాళ్లేమో ఇంగ్లండు నుంచి యుద్ధం చేస్తున్నారు. వాళ్లు దానికి స్లోన్జాక్ అని పేరు పెట్టారు. సైలీషియా ప్రాంతపు మనిషి అని అర్థం. ఊరు పోయినోళ్లు తమ ప్రాంతం పేరుని ఓడ మీద రాసుకుని తిరిగారు. యుద్ధం అయ్యాక తిరిగిచ్చేస్తే, చివరికి మన దగ్గరకొచ్చి గోదావరి అయింది. ఒకే ఇనుము, మూడు పేర్లు. దీనితో పాటు ఇంకో రెండు ఓడలు కూడా వచ్చాయి, వాటికి గోమతి, గంగ అని పెట్టారు.

ఈ మూడు పేర్లూ గుర్తుపెట్టుకోండి. గోదావరి, గోమతి, గంగ. 1970ల్లో ఈ ఓడలు ముసలివైపోయాయి. సరిగ్గా అప్పుడే బొంబాయి మజగావ్ డాక్‌లో కొత్త ఫ్రిగేట్లు కడుతున్నారు. వాటికి ఏం పేర్లు పెట్టారో తెలుసా? మళ్లీ గోదావరి, గంగ, గోమతి. అవే మూడు పేర్లు.

మూడో గోదావరి 1983 డిసెంబరు 10న నేవీలో చేరింది. మొదటి రెండూ ఇంగ్లండు వాళ్లు కట్టినవి, ఇది మాత్రం మన దేశంలోనే డిజైన్ చేసి కట్టిన గైడెడ్ మిసైల్ ఫ్రిగేట్. 1986లో అమెరికాలో స్వేచ్ఛా ప్రతిమ వందేళ్ల పండగకి న్యూయార్క్ వెళ్లింది. 1988 నవంబరులో మాల్దీవుల్లో కిరాయి సైనికులు తిరుగుబాటు చేసి, అది ఫలించక బందీల్ని తీసుకుని ప్రోగ్రెస్ లైట్ అనే సరుకు ఓడలో పారిపోతుంటే, సముద్రం మధ్యలో దాన్ని ఆపిన ఓడలు గోదావరి, బేత్వా. 2015 డిసెంబరు 23న ముంబైలో సూర్యాస్తమయం వేళ దాని జెండా దించారు. 32 ఏళ్ల సర్వీసు. తర్వాత గంగ 2018లో, గోమతి 2022లో వెళ్లిపోయాయి. ఇప్పుడు గోదావరి పేరు మళ్లీ ఖాళీగా ఉంది.

కృష్ణది కూడా ఇలాంటి కథే. 1943లో వచ్చిన స్లూపు మీద బ్రిటిష్‌వాళ్లు రాసిన పేరు కిస్ట్నా. వాళ్ల నోరు తిరిగినట్టు రాశారు. స్వాతంత్ర్యం వచ్చాక అదే ఓడ మీద కృష్ణ అని సరిచేశారు. అది పోయాక 1995లో ఇంగ్లండు నుంచి ఆండ్రోమెడా అనే ఫ్రిగేట్‌ని కొని దానికి కృష్ణ అని పెట్టారు, 2012 దాకా కుర్ర నావికులకి శిక్షణ ఇచ్చింది. 2025లో చెన్నై దగ్గర కాట్టుపల్లిలో కొత్త శిక్షణ నౌకని నీళ్లలోకి దింపారు. దాని పేరు కూడా కృష్ణే.

మరి ఎందుకిలా? కొత్త పేర్లకి కరువా? కాదు. నావికులు ఓడని ఇనుము ముక్కలా చూడరు. ఆ పేరు మీద ఎవరు పనిచేశారు, ఎవరు ప్రాణం ఇచ్చారు అన్నది పేరుతో పాటు నడవాలని వాళ్ల నమ్మకం.

దీనికి బరువైన ఉదాహరణ ఖుక్రీ. 1971 యుద్ధంలో డిసెంబరు 9 రాత్రి డయ్యూ దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ మన ఐఎన్ఎస్ ఖుక్రీని ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడని వదల్లేదు, దానితోనే వెళ్లిపోయారు. మామూలుగా మనమైతే ఆ పేరు కలిసిరాలేదు, వద్దు అంటాం. నేవీ అలా అనుకోలేదు. 1989లో కొత్త కార్వెట్‌కి అదే పేరు పెట్టింది. అది 32 ఏళ్లు పనిచేసి 2021 డిసెంబరులో విశాఖపట్నంలో రిటైరైంది. ఇప్పుడు దాన్ని డయ్యూకే ఇచ్చారు, జ్ఞాపకంగా ఉంచడానికి.

అవతలోళ్లు కూడా అంతే. అదే యుద్ధంలో విశాఖ రేవు బయట పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిన సంగతి మనకి తెలుసు. వాళ్లు 1975లో పోర్చుగల్ నుంచి ఒక సబ్‌మెరైన్ కొని దానికి మళ్లీ ఘాజీ అని పెట్టారు. ఆ ఘాజీ దగ్గరకి మన డైవర్లని తీసుకెళ్లిన ఓడ నిస్తార్. 2025 జులైలో అదే పేరుతో కొత్త ఓడ వచ్చింది. కట్టింది మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డే.

ఇక మొదట్లో చెప్పిన కొండల పేర్లు. 1972 నుంచి 1981 దాకా నేవీలో ఆరు ఫ్రిగేట్లు చేరాయి. నీలగిరి, హిమగిరి, ఉదయగిరి, దునగిరి, తారాగిరి, వింధ్యగిరి. ఇప్పుడు కొత్త తరగతిలో ఏడు కడితే, ఆరింటికి ఆ పాత పేర్లే పెట్టారు. ఇందులో ఉదయగిరి మన ఆంధ్రప్రదేశ్ కొండల పేరని నేవీ చెప్పింది. పాత వింధ్యగిరి 2011 జనవరిలో ముంబై దగ్గర ఒక సరుకు ఓడ గుద్దుకుని, మంటలంటుకుని ఒరిగి మునిగిపోయింది. కొత్త వింధ్యగిరిని 2023 ఆగస్టు 17న కోల్‌కతాలో నీళ్లలోకి దింపింది ఎవరో తెలుసా? మన రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము గారు. సంతాల్ తల్లి. ఓడని నీళ్లలోకి దింపే పని ఆడవాళ్ల చేతుల మీదుగా జరగడం నేవీలో ఆనవాయితీ. ఆ రోజు ఒక ఆదివాసీ ఆడబిడ్డ చేతుల మీదుగా మునిగిపోయిన పేరు మళ్లీ తేలింది. ఈ విషయం చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది, అబద్ధం ఎందుకు.

ఏడో ఓడ పేరు మాత్రం కొత్తది. మహేంద్రగిరి. ఒడిశా గజపతి జిల్లాలో, మన మందస వైపు ఉన్న తూర్పు కనుమల కొండ. దాని చుట్టూ ఉండేది సవరలు. మన సవర అన్నలు, అక్కలు ఈ గ్రూపులో చాలామంది ఉన్నారు. మీ కొండ ఇప్పుడు సముద్రం మీదకి ఎక్కింది.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ ఇంకా చదివితే వేరే సంగతి కనబడింది, అది కూడా చెప్పాలి.

బ్రిటిష్ నేవీలో ట్రైబల్ క్లాస్ అని ఒక తరగతి ఉండేది. నిజంగానే ఆ పేరు. 1900ల మొదట్లో 12 డిస్ట్రాయర్లు కట్టి మావోరీ, జులు, మోహాక్, అఫ్రిదీ, నూబియన్ లాంటి పేర్లు పెట్టారు. 1930ల్లో మళ్లీ 16 కట్టారు. వాటిలో అషాంతి, మటబెలె, సోమాలి, మషోనా కూడా చేరాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ 16లో 12 మునిగిపోయాయి. 1960ల్లో మూడోసారి ఏడు ఫ్రిగేట్లు, అవే పేర్లు. జులు అనే పేరు మూడు ఓడల మీద తిరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జులు వెనక భాగం పేలిపోయింది, నూబియన్ ముందు భాగం పోయింది. మిగిలిన రెండు ముక్కల్ని అతికించి ఒకే ఓడ చేసి జూబియన్ అని పిలిచారు.

వినడానికి సరదాగా ఉంటుంది. కానీ 1879లో జులుల రాజ్యాన్ని కూల్చింది ఎవరు? మావోరీల భూములు తీసుకుంది ఎవరు? మటబెలెల మీద, అషాంతీల మీద యుద్ధాలు చేసింది ఎవరు? అదే సామ్రాజ్యం. మనిషిని ఓడించి, భూమి తీసుకుని, వాడి పేరు మాత్రం ధైర్యానికి గుర్తుగా ఓడ మీద రాసుకున్నారు. పేరుకి గౌరవం, పేరు గలవాడికి లేదు.

అమెరికాలో కూడా నవజో, చెరోకీ పేర్లతో రెండో ప్రపంచ యుద్ధంలో టగ్గులు ఉండేవి. నవజో 1943లో మునిగింది. 2019లో అమెరికా నేవీ ఒక కొత్త తరగతి ఓడలకి ఆదివాసీ జాతుల పేర్లు పెడతామని ప్రకటించింది. అందులో మొదటిది మళ్లీ నవజో. తర్వాతి ఓడల్లో ఒకదానికి చెరోకీ నేషన్ అని పెట్టారు. ఉత్తి చెరోకీ అనలేదు, నేషన్ అన్నారు. ఆ జనం తమ ప్రభుత్వాన్ని తాము పిలుచుకునే పేరది. తేడా అక్కడుంది.

మన దేశంలో కూడా ఒకటుంది. అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్ నౌకా స్థావరం పేరు ఐఎన్ఎస్ జారవా. 1964 నుంచి ఆ పేరే. జారవా అంటే అక్కడి ఆదివాసీ జనం. కానీ ఆ పేరు వాళ్లు పెట్టుకున్నది కాదు. పక్క తెగవాళ్ల భాషలో పరాయివాళ్లు అని అర్థం. వాళ్లు తమని ఆంగ్ అని పిలుచుకుంటారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు మార్చి శ్రీ విజయపురం అన్నారు, బ్రిటిష్ అధికారి పేరు మనకెందుకని. మంచిదే. కానీ పరాయివాళ్లు అనే పేరు మాత్రం అలాగే ఉంది. మనకిది కొత్త కాదు. గోండులు తమని కోయితూర్ అనుకుంటారు, పుస్తకాల్లో గోండు అనే ఉంటుంది.

పేర్లు మారతాయి, నాకు తెలుసు. నేను చదువుకుంటున్న నిడదవోలే ఒకప్పుడు నిరవద్యపురం. జనం నోట్లో అరిగి అరిగి ఇలా అయింది. జనం నోట్లో అరగడం వేరు, కాగితం మీద కొట్టేయడం వేరు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా మేనత్తది దేవీపట్నం మండలం కొండమొదలు పంచాయతీలో ఒక ఊరు. పోలవరం కాఫర్ డ్యామ్ కట్టాక గోదావరి వరద వెనక్కి తన్ని అక్కడి ఊళ్లు మునిగిన సంగతి మీకు తెలుసు. ఇప్పుడు వాళ్లుండే చోటుని చుట్టుపక్కలోళ్లు "నిర్వాసితుల కాలనీ" అంటారు. పాల ప్యాకెట్ తెచ్చే అబ్బాయికి, గ్యాస్ బండి అతనికి అదే అడ్రస్. అత్త మాత్రం ఎవరడిగినా పాత ఊరి పేరే చెప్తుంది. అవతలోళ్లకి అర్థం కాదు, మళ్లీ అడుగుతారు. అత్త మళ్లీ అదే చెప్తుంది. ఒకప్పుడు నేను విసుక్కునేవాణ్ణి, "కాలనీ అని చెప్పొచ్చు కదా అత్తా" అని. ఈ ఓడల కథలు చదివాక విసుక్కోవడం మానేశాను.

మునిగిన ఖుక్రీ పేరు బతికింది ఎందుకంటే, దాన్ని కాగితం మీద పెట్టుకుని, ఇది పోకూడదు అని కూర్చుని ఆలోచించే మనుషులున్నారు. ఆ పనికి ఒక కమిటీ, ఒక పద్ధతి ఉన్నాయి. మన ఊళ్ల పేర్లకి అలాంటిది లేదు. ఊరి పేరైనా రెవెన్యూ రికార్డులో ఉంటుంది. ఊరి వెనక వాగుకి ఒక పేరు, పోడు కొట్టిన ఒక్కో చెలకకి ఒక పేరు, కొండ మీద రాయికి ఒక పేరు, పండగ చేసే చెట్టుకి ఒక పేరు. అవి ఏ రికార్డులోనూ ఉండవు. అత్త వయసు వాళ్ల నోట్లోనే ఉంటాయి.

రేపు నేవీ నాలుగో గోదావరిని కడితే నేను సంతోషిస్తా. శబరి అనో, సీలేరు అనో పేరు పెడితే ఇంకా సంతోషిస్తా. కానీ ఆ గోదావరి కింద ఉన్న మా అత్త ఊరి వాగు పేరుని ఏ కమిటీ కాపాడదు. అది మన పని.

సంక్రాంతి సెలవుల్లో అత్త దగ్గర కూర్చుని ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను. పేరు, అది ఎక్కడ ఉండేది, ఆ పేరు ఎందుకొచ్చింది అని మూడు గళ్లు. ఇప్పటికి 31 పేర్లయ్యాయి. కొన్నింటికి మూడో గడి ఖాళీగానే ఉంది, అత్తకి కూడా గుర్తులేదు. వాళ్ల పెద్దమ్మ ఇంకో కాలనీలో ఉందట, ఆవిడకి తెలుస్తుందట. వచ్చే సెలవుల్లో అక్కడికి వెళ్తాను.

మీరు కూడా ఒక నోట్‌బుక్ కొనండి. మునిగిన ఊళ్లవాళ్లు ముందు మొదలుపెట్టండి, మునగనివాళ్లు కూడా మొదలుపెట్టండి. జోహార్.